దయ్యం లేదని చెప్పడంతో పని అయిపోదు

హౌరా నుంచి మెయిన్ లైన్ లోకల్ ఎక్కితే మొదటి స్టేషను లిలువా. 1900లో పెట్టిన క్యారేజీ వర్క్‌షాపు వల్ల రైల్వేవాళ్ళకు ఈ పేరు బాగా తెలుసు. బెంగాలీ పేపర్లు చదివేవాళ్ళకు మాత్రం లిలువా అనగానే ఆడపిల్లల కోసం ప్రభుత్వం నడిపే హోం గుర్తొస్తుంది. అమ్ముడుపోయి పోలీసు దాడుల్లో బయటపడినవాళ్ళు, ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు, తప్పిపోయినవాళ్ళు, కోర్టు ఉత్తర్వు మీద వచ్చి అక్కడ ఉంటారు. వాళ్ళలో కొందరు గోడ దాటి పారిపోయారన్న వార్తలు పేపర్లలో పలుమార్లు వచ్చాయి. వచ్చినప్పుడల్లా మా వీధి టీకొట్టు దగ్గర ఒకటే మాట: "తిండి పెట్టి, బట్ట ఇచ్చి చూసుకుంటుంటే పారిపోవడం ఏం రోగం?"

ఈ ప్రశ్నలోనే తిరకాసు ఉంది. తాళం వేసిన గేటు, ఎత్తు గోడ, ఎవరు వస్తున్నారో ఎప్పుడు పంపిస్తారో తెలియని రోజులు. తనను అమ్మిన ఇంట్లోనూ ఆ పిల్ల చూసినవి ఇవే. మనం దీన్ని రక్షణ అంటాం. ఆ పిల్ల శరీరానికి ఆ తేడా ఎవరు చెప్పారు? ఈ మధ్య 'ట్రామా-ఇన్‌ఫార్మ్‌డ్' అనే మాట సెమినార్లలో తెగ వినపడుతోంది. దాని సారం నాకు అర్థమైనంతలో ఇదే: "నీకేం రోగం?" అని అడగడం మాని "నీకేం జరిగింది?" అన్న ఆలోచనతో మొదలుపెట్టడం. ఆలోచనతో అన్నాను గమనించండి. నోటితో గుచ్చి గుచ్చి అడగమని కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

నేను బీకాం చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్పై ఏళ్ళకు పైగా ఆయుధ ఫ్యాక్టరీల బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి. మనస్తత్వ శాస్త్రం నా సబ్జెక్టు కాదు. కాని ఎవరు ఏ ఖర్చు రాసినా "వోచరేది?" అని అడిగే జబ్బు మాత్రం పోలేదు. బాబాల విషయంలో దాన్ని వాడినట్టే థెరపీల విషయంలోనూ వాడాలనిపించింది. అందుకు కారణం మా లైన్‌లోని ఒక కుర్రవాడు.

వాళ్ళది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రెండు తరాలుగా ఇక్కడే ఉంటున్న కుటుంబం. (వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.) కుర్రవాడికి 17 ఏళ్ళు. స్నేహితుడితో కలిసి పట్టాలు దాటుతుండగా, వీడి కళ్ళముందే ఆ అబ్బాయి లోకల్ కింద పడి చనిపోయాడు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. వీడు కాలేజీకి వెళ్ళడం లేదు. రైలు హారన్ వింటే చెమటలు. లిలువాలో రైలు హారన్ వినపడని గంట ఏది? రాత్రిళ్ళు లేచి బెంగాలీలో అరిచేవాడు. ఇంట్లో వాడు మాట్లాడేది తెలుగు, చనిపోయినవాడితో మాట్లాడింది బెంగాలీ. తల్లికి ఆ భాష బజారుకు సరిపోయినంతే వచ్చు. కొడుకు నోట్లోంచి అర్థంకాని మాటలు రావడంతో ఇరుగుపొరుగు తేల్చేశారు: చచ్చినవాడు పట్టాడు. ఓఝాను పిలిపించారు. తాయెత్తు కట్టాడు, మిరపకాయల పొగ వేశాడు. పదకొండు వేలు పట్టుకుపోయాడు.

ఆవిడ మా ఇంటికొచ్చి అన్న మాట ఇది: "అన్నయ్య గారూ, మీరు దయ్యాల్లేవంటారు. సరే, లేవు. మరి నా కొడుక్కి ఏమైంది?"

మన సభల్లో మనం తరచు దాటేసే ప్రశ్న ఇదే. కోవూర్ పుస్తకాలు చదివి పెరిగిన తరం మనది. ఇక్కడ కలకత్తాలో 1985లో యుక్తివాది సమితిని పెట్టి, 2023లో చనిపోయేవరకు పనిచేసిన ప్రబీర్ ఘోష్ ఎందరు ఓఝాల గుట్టు రట్టు చేశాడో బెంగాలీలకు తెలుసు. కాని కోవూర్ కేసులు మళ్ళీ తిరగేసి చూడండి. రాళ్ళు వేసే దయ్యం లేదని తేల్చి ఆయన ఇంటికి పోలేదు. ఆ ఇంట్లో దిగులుతో ఉన్న మనిషి ఎవరో వెతికి, వాళ్ళతో కూర్చున్నాడు. మనం ఆయన దగ్గర మొదటి సగం నేర్చుకుని రెండో సగం వదిలేశాం.

కుర్రవాణ్ణి కలకత్తాలో ఒక ప్రభుత్వ ఆస్పత్రి మానసిక విభాగానికి తీసుకెళ్ళాం. ఈ విషయంలో కలకత్తాకు పాత చరిత్రే ఉంది. మన దేశంలో జనరల్ ఆస్పత్రిలో మానసిక రోగుల ఓపీ మొదట పెట్టింది ఇక్కడే, 1933లో, ఇప్పటి ఆర్.జి.కర్ కాలేజీలో, గిరీంద్రశేఖర్ బోస్. తొంభై ఏళ్ళ తర్వాత కూడా గంగకు ఇవతల మొదటి ఓపీ ఓఝా దగ్గరే నడుస్తోంది. 2015-16లో నిమ్‌హాన్స్ చేసిన జాతీయ సర్వేలో రకరకాల మానసిక రుగ్మతల్లో వైద్యం అందనివారు 70 నుంచి 92 శాతం అని తేలింది. నాకు ఆశ్చర్యం కలగలేదు.

అక్కడ జరిగింది నేను ఊహించినట్టు లేదు. మొదటి రెండు వారాలూ ప్రమాదం ఊసే ఎత్తలేదు. భయం వచ్చినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో, గుండె ఎందుకు దడదడలాడుతుందో ఆ అమ్మాయి సైకాలజిస్టు బొమ్మ గీసి చెప్పింది. ఊపిరి నిదానించడం నేర్పింది. తర్వాత వీడు తప్పించుకు తిరుగుతున్నవాటి జాబితా రాయించి, తక్కువ భయం నుంచి ఎక్కువ భయానికి మెట్లు కట్టింది. మొదట సెల్‌ఫోన్లో హారన్ శబ్దం, తర్వాత తండ్రితో ప్లాట్‌ఫారం బెంచీ మీద పది నిమిషాలు, అలా. చివరికి ఆ రోజు జరిగింది మొదటినుంచి చివరిదాకా వరుసలో చెప్పించి రాయించింది. అప్పుడు బయటపడింది అసలు ముల్లు: "నేను పిలవకపోతే వాడు ఆ వైపు వచ్చేవాడే కాదు." ఏ మిరపకాయ పొగకు బయటపడుతుంది ఇది? నాలుగు నెలలు పట్టింది. కుర్రవాడు ఆ ఏడాది పరీక్ష పోగొట్టుకున్నాడు, పై ఏడాది రాశాడు.

ఇక్కడ నా వోచరు జబ్బు నాకే అడ్డం వచ్చింది. ఒక్క కుర్రవాడు బాగుపడితే ఏం రుజువైనట్టు? ఇలాంటి దెబ్బ తిన్నవాళ్ళలో చాలామంది కాలం గడిస్తే తమంతట తామే కోలుకుంటారు. ఓఝా బతికేది ఆ కోలుకోవడం మీదే. తనంతట వచ్చిన జమను తాయెత్తు ఖాతాలో రాసుకుంటాడు. థెరపీ కూడా అదే చేయడం లేదని నమ్మకమేమిటి?

అందుకే పోలిక గ్రూపు కావాలి. జాంబియాలో 2015లో ప్రచురితమైన ఒక పరీక్షలో, రకరకాల గాయాలు అనుభవించిన 257 మంది అనాథ, నిరాశ్రయ పిల్లల్ని లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేశారు. సగానికి మామూలు సేవలు, సగానికి ట్రామా మీద దృష్టిపెట్టిన సీబీటీ, అంటే మన కుర్రవాడికి జరిగినట్టిదే. మామూలు సేవల గ్రూపులో లక్షణాలు 21 శాతం తగ్గాయి. థెరపీ గ్రూపులో 82 శాతం. ఆ 21 చూశారా, ఓఝా తన గొప్పగా చెప్పుకునేది అదే. మిగతా తేడా మాత్రమే థెరపీ సొమ్ము. ఇంకో విశేషం, ఆ థెరపీ చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు.

థెరపీ అని పేరున్నదల్లా మంచిదని మాత్రం అనుకోవద్దు. ప్రమాదం జరగగానే బాధితుణ్ణి కూర్చోబెట్టి, జరిగిందంతా ఒకే సిట్టింగులో కక్కించే 'డీబ్రీఫింగ్' కొన్నాళ్ళు గొప్పగా నడిచింది. 1997లో కాలిన గాయాలవాళ్ళ మీద పరీక్షించారు. పదమూడు నెలల తర్వాత చూస్తే, కక్కించినవాళ్ళలో 26 శాతానికి పీటీఎస్‌డీ, వదిలేసినవాళ్ళలో 9 శాతానికే. చెప్పుకుంటే బరువు తగ్గుతుందని మన అమ్మమ్మలూ అన్నారు, కాని ఎవరితో, ఎప్పుడు, ఎవరి ఇష్టం మీద అన్నదే అసలు విషయం. ఇక మరిచిపోయిన జ్ఞాపకాలు తవ్వి తీస్తామనేవాళ్ళు మరీ ప్రమాదం. చిన్నప్పుడు బజారులో తప్పిపోయావని పెద్దవాళ్ళ చేత చెప్పిస్తే, జరగని ఆ సంగతి దాదాపు నాలుగో వంతు మందికి 'గుర్తొచ్చింది' అని ఎలిజబెత్ లోఫ్టస్ 1995లోనే చూపించింది. గతజన్మ జ్ఞాపకాలు తవ్వేవాళ్ళకూ వీళ్ళకూ నాకు పెద్ద తేడా కనపడదు. కళ్ళు అటూ ఇటూ కదిలించే ఇ.ఎం.డి.ఆర్. మధ్యస్థం. పనిచేస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2013లో ఒప్పుకుంది. కాని పనిచేసేది ఆ కళ్ళ కదలికేనా, లేక భయాన్ని నిదానంగా ఎదుర్కోవడమా అన్న తగాదా తెగలేదు. అదే సంస్థ, మొదటి నెలలో ఈ బాధకు బెంజోడయాజెపైన్ నిద్రమాత్రలు వద్దని గట్టిగా చెప్పింది. మన మందుల షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చేది తరచు అవే.

ఇప్పుడు హోంలోని అమ్మాయి సంగతికి రండి. బయటపడిన నాటినుంచి తన కథ ఆమె ఎందరికి చెప్పాలి? దాడికి వచ్చిన పోలీసుకు, డాక్టరుకు, కమిటీకి, మేజిస్ట్రేటుకు, వకీలుకు, సంస్థల వాళ్ళకు. డీబ్రీఫింగ్ ఒక్కసారికే అంత చేటయితే ఇన్నిసార్లకు? 2012 పోక్సో చట్టం దీన్ని గుర్తించింది. వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, పిల్లను పదేపదే కోర్టుకు పిలవకూడదు, నిందితుడు ఎదురుపడకూడదు అని రాసింది. ట్రామా అన్న మాట ఎక్కడా వాడకుండా మంచి ట్రామా చట్టమే రాశారు. కాని పద్దెనిమిది నిండిన మర్నాడు ఆ చట్టం ఆమెకు లేదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల బాధకు వేరే లెక్కా?

కలకత్తాలోనే 2004లో సోహినీ చక్రవర్తి స్థాపించిన 'కోల్‌కతా సంవేద్' ఇలాంటి అమ్మాయిలతో నృత్యం ద్వారా పనిచేస్తోంది. మాట్లాడమని బలవంతపెట్టరు, తన శరీరం మళ్ళీ తనదేనన్న భావం కలిగించడం వాళ్ళ ఉద్దేశం. నాకు నచ్చింది. కాని వోచరు? డిప్రెషన్‌కు నృత్య థెరపీ మీద 2015లో కాక్రేన్ వాళ్ళు వెతికితే దొరికినవి మూడు పరీక్షలు, 147 మంది. ఏమీ తేల్చలేమన్నారు. కాబట్టి నృత్యం ఉండనివ్వండి, 'నయమైంది' కాలంలో మాత్రం ఇప్పుడే రాయకండి.

ఆ కాలంలో రాయదగినది ఇంకొకటుంది. కాంగోలో యుద్ధంలో లైంగిక దోపిడీకి గురైన 52 మంది అమ్మాయిల మీద జరిగిన పరీక్ష 2013లో అచ్చయింది. వయసు 12 నుంచి 17, మన హోంలోని పిల్లల వయసే. గ్రూపుగా కూర్చోబెట్టి 15 సిట్టింగుల సీబీటీ, చేయించింది సోషల్ వర్కర్లు. పోలిక గ్రూపు కంటే ఎంతో మెరుగైన ఫలితం వచ్చింది. వారానికి రెండు సిట్టింగులైతే ఎనిమిది వారాల్లో పూర్తి. శిక్షణ ఉన్న ఇద్దరు మహిళలు, ఒక గది, రాసుకోవడానికి కాగితాలు, పైన సలహాకు నెలకు రెండు పూటలు ఒక సైకాలజిస్టు. మా ఆఫీసులో ఇంతకంటే పెద్ద మొత్తాలు కుర్చీల మరమ్మతు పద్దు కింద పాసవడం చూశాను.