వినలేని వయొలిన్ కోసం బెర్గెన్ దాకా

ఓలే బుల్ వయొలిన్ ఎలా వాయించేవారో మనం ఎప్పటికీ వినలేం. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టింది 1877లో, ఓలే బుల్ చనిపోయింది 1880లో. మధ్యలో మూడేళ్లున్నా ఆయన వాయింపు ఒక్క సెకను కూడా రికార్డు కాలేదు. ఆయన తర్వాతి తరం వయొలినిస్టులు జోకిమ్ 1903లో, సరసాటే 1904లో రికార్డులు ఇచ్చారు కాబట్టి గరగరల మధ్యనైనా వాళ్లను వినొచ్చు. ఈయన విషయంలో ఆ ఛాన్స్ కూడా లేదు.

మరి యూరప్, అమెరికాల్ని ఊపేసిన మనిషి నుంచి ఏం మిగిలినట్టు? ఆఫీసు పని మీద యూరప్ వెళ్లినప్పుడు రెండు రోజులు సెలవు పెట్టి, నార్వేలోని బెర్గెన్‌కి వెళ్లింది అది చూద్దామనే.

బెర్గెన్‌లో ఏడాదికి 200 రోజులకు పైగా వాన పడుతుంది. గొడుగు లేకుండా బయటికి రావొద్దు. ఊరి నడిమధ్యలో ఆయన పేరుతోనే ఒక కూడలి ఉంది. అక్కడ స్టెఫాన్ సిండింగ్ చెక్కిన విగ్రహాన్ని 1901లో పెట్టారు. రాళ్ల మీద నిలబడి ఓలే బుల్ వాయిస్తుంటారు. కింద నీళ్లలో ఫోసెగ్రిమ్ కూర్చుని ఉంటాడు. ఈ ఫోసెగ్రిమ్ నార్వే జానపద కథల్లో జలపాతాల దగ్గరుండే ఆత్మ. మనుషులకు ఫిడేలు నేర్పేది అతనేనని పల్లెవాళ్ల నమ్మకం.

ఓలే బుల్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1810లో. తండ్రికి మందుల షాపు. కొడుకు చర్చిలో పాస్టర్ కావాలని ఆయన కోరిక. 1828లో యూనివర్సిటీ కోసం రాజధానికి (ఇప్పటి ఓస్లో) పంపితే, కుర్రాడు లాటిన్ పరీక్ష తప్పి నాటకశాల ఆర్కెస్ట్రాలో చేరిపోయాడు. బ్యాక్‌లాగ్‌లతో కుస్తీ పట్టిన మన బ్యాచ్‌లకు ఇదేం కొత్త కథ కాదు! తర్వాత ప్యారిస్ వెళ్లి పగనీని వాయింపు విన్నారు. 1834లో ఇటలీలోని బొలోన్యాలో చేసిన కచేరీతో పేరు మోగిపోయింది. 1843 నుంచి అమెరికా టూర్లు మొదలయ్యాయి.

ఆయన టెక్నిక్‌లో ఒక చిన్న ఇంజినీరింగ్ ఉంది. వయొలిన్ తీగల్ని మోసే చెక్కముక్కను బ్రిడ్జి అంటారు. మామూలుగా అది వంపు తిరిగి ఉంటుంది కాబట్టి కమాను ఒకేసారి ఒకటో రెండో తీగల్ని మాత్రమే తాకుతుంది. ఓలే బుల్ ఆ వంపుని బాగా తగ్గించేశారు. దాంతో నాలుగు తీగలూ ఒకేసారి పలికేవి.

బ్రిడ్జి అలా చదునుగా ఉండటం నార్వే పల్లెల హార్డాంగర్ ఫిడేలులో ఎప్పట్నుంచో ఉన్నదే. దానికి వాయించే తీగల కింద ఇంకో వరస తీగలుంటాయి. వాటిని కమాను తాకదు. మన సారంగిలో లాగే, పై తీగలు మోగితే అవీ వాటంతటవే మోగుతాయి.

పల్లె నుంచి తీసుకున్నదాన్ని ఆయన మళ్లీ పల్లెవాళ్ల కోసమే వాడారు. టెలిమార్క్ ప్రాంతంలో మిల్లార్‌గుటెన్ అనే ఫిడేలు కళాకారుడు ఉండేవాడు. ఆ పేరుకి అర్థం ‘పిండిమర వాళ్ల అబ్బాయి’. 1849లో ఓలే బుల్ అతన్ని రాజధానిలో స్టేజీ ఎక్కించారు. పల్లెటూరి పాట అని చిన్నచూపు చూసిన సంగీతాన్ని నగరం కూర్చుని విన్నది.

అప్పట్లో నార్వే నాటకరంగంలో డెన్మార్క్ నటులదే, డేనిష్ ఉచ్చారణదే రాజ్యం. సొంత యాసలో మాట్లాడితే నాటకం కాదనుకునే రోజులు. 1850లో ఓలే బుల్ బెర్గెన్‌లో నార్వే భాషకంటూ నాటకశాల పెట్టారు. మరుసటి ఏడాది ఒక 23 ఏళ్ల కుర్రాడిని పనిలో పెట్టుకున్నారు. పేరు హెన్రిక్ ఇబ్సెన్. ఆయన ఆరేళ్లు అక్కడే పని నేర్చుకున్నారు. 1858లో, బంధువుల ఇంట్లో 15 ఏళ్ల అబ్బాయి పియానో వాయిస్తుంటే విని, వీణ్ని జర్మనీలోని లైప్‌జిగ్‌కి చదువుకు పంపండని పట్టుబట్టారు. ఆ అబ్బాయి ఎడ్వర్డ్ గ్రీగ్.

అన్నీ హిట్లే కాదులెండి. 1852లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 11,000 ఎకరాలకు పైగా కొని, వలస వచ్చే నార్వేవాళ్ల కోసం ‘ఒలియానా’ అనే కాలనీ మొదలుపెట్టారు. అంతా ఏటవాలు కొండలు, సేద్యానికి పనికిరాని నేల. కొన్నాళ్లకే అది చెదిరిపోయింది. స్వదేశంలో దాని మీద వెక్కిరింపు పాట కూడా పుట్టింది.

బెర్గెన్‌కి దక్షిణాన లీసోయెన్ అనే దీవి ఉంది. చిన్న పడవలో దాటాలి. వెళ్లేముందు మ్యూజియం తెరిచి ఉందో లేదో చూసుకోండి. 1873లో ఓలే బుల్ కట్టించుకున్న ఇల్లు అది. ఉల్లిపాయ ఆకారపు గుమ్మటం, గుర్రపు నాడా లాంటి ఆర్చీలు, లోపలంతా చెక్కిన పైన్ కలప. దీవి అంతా ఆయన వేయించిన కాలిబాటలు. పెద్ద సంగీత హాల్లో నిలబడితే చెక్కపని చూసి నోట మాట రాలేదు.

1880 ఆగస్టు 17న ఆయన పోయింది ఈ ఇంట్లోనే. శవపేటికను బెర్గెన్‌కి తెచ్చిన ఓడ వెంట 15 స్టీమర్లు, లెక్కలేనన్ని చిన్న పడవలు వచ్చాయి.

డెబ్బైకి పైగా రచనలు చేశారంటారు. ఇప్పుడు మిగిలినవి పదో పన్నెండో. సొంత వాయింపు పోయింది, రాసినవాటిలో చాలావరకు పోయాయి. కానీ ఇబ్సెన్ నాటకాలు ఇప్పటికీ ఆడుతున్నారు. గ్రీగ్ సంగీతం ప్రపంచమంతా వింటోంది. హార్డాంగర్ ఫిడేలు నార్వే గుర్తుగా నిలబడింది. మనం రోజూ ఫొటోలు, వీడియోలు, బ్యాకప్‌లు అంటూ మనల్ని మనం దాచుకోడానికి తంటాలు పడుతుంటాం. ఆయన విషయంలో నిలిచినవి మాత్రం పక్కవాడి చేతిలో పెట్టినవే.

ఒక్క ట్యూన్ అయినా వినాలనుంటే మీ మ్యూజిక్ యాప్‌లో ‘సేటర్‌యెంటెన్స్ సోండాగ్’ కోసం వెతకండి. కొండ మీద పశువులు కాసే అమ్మాయి ఆదివారం అని అర్థం. చర్చికి వెళ్లే వీల్లేక అక్కడే ఉండిపోయిన అమ్మాయి గురించిన నెమ్మదైన పాట అది. వాయించేది వేరేవాళ్లే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వాన పడుతున్నప్పుడు వినండి.