వడ్ల మీద పట్టా

ఉద్యోగంలో చేరిన మొదటి నెలంతా నేను చేసిన పని పెట్టెలు గీయడం. ఇంజనీరింగ్ చదివి, నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూ దాటి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి రోడ్డు ఫొటోలు ఇచ్చారు. కారుంటే దాని చుట్టూ ఒక పెట్టె, లారీ ఉంటే ఒక పెట్టె, మనిషి ఉంటే ఒక పెట్టె. మౌస్‌తో ఒక మూల నొక్కిపట్టి ఎదుటి మూల దాకా లాగాలి, పేరు ఎంచుకోవాలి, తర్వాతి ఫొటోకి వెళ్లాలి. దీన్నే మావాళ్లు అనొటేషన్ అంటారు. సాయంత్రానికి వేళ్ల నుంచి మోచేతి దాకా నొప్పి. "ముందు నీ డేటా ఏంటో నీకు తెలియాలి" అనేవాడు మా మేనేజరు. నాకు మాత్రం నా డిగ్రీ మీద జాలేసేది.

మేం చేసేది లారీ డ్రైవర్లని హెచ్చరించే కెమెరా. ముందు ఏదైనా అడ్డం ఉంటే అది కూత పెట్టాలి. కూత పెట్టాలంటే చూడటం రావాలి. చిన్నపిల్లలకి "అదుగో ఆవు" అని చూపించినట్టు దానికీ చూపించాలి, కాకపోతే వేలసార్లు. ఈ చూపించే పనంతా మనుషులే చేశారు. 2009లో ఫై-ఫై లీ బృందం తెచ్చిన ఇమేజ్‌నెట్ వెనక ఎక్కడెక్కడి దేశాల్లోనో ఇంట్లో కూర్చుని, బొమ్మకింతని డబ్బు తీసుకుని పేర్లు పెట్టినవాళ్లున్నారు. 2014లో వచ్చిన కోకో అనే డేటాసెట్‌కి 70 వేలకు పైగా పనిగంటలు పట్టాయని దాన్ని తయారుచేసినవాళ్లే రాసుకున్నారు. ఎక్కువగా జర్మనీ వీధులతో చేసిన సిటీస్కేప్స్‌లో ఒక్క ఫొటోని పూర్తిగా గుర్తించడానికి సగటున గంటన్నర పైనే పట్టింది.

మా కంపెనీలో నా తర్వాత ఆ పని వరంగల్ వైపు ఒక ఊళ్లో అద్దెగదికి వెళ్లింది. పన్నెండు మంది, ఎక్కువమంది ఆడవాళ్లే. ఫొటోకింతని లెక్క. వారానికోసారి వీడియో కాల్‌లో నేను వాళ్ల సందేహాలు తీర్చేవాణ్ణి. ఆటోలో వెనక వేలాడుతున్న మనిషికి వేరే పెట్టె గీయాలా? గడ్డి వేసుకెళ్లే ట్రాక్టరుకి గడ్డి కూడా కలిపి గీయాలా? నిజానికి వాళ్లే నా సందేహాలు తీర్చేవాళ్లు. కోకోలో ఉన్న 80 రకాల వస్తువుల్లో జిరాఫీ ఉంది, స్నోబోర్డు ఉంది, ఆటో లేదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు మన రోడ్ల మీద తిరిగి పదివేల ఫొటోలతో ఐడీడీ అనే డేటాసెట్ చేసినప్పుడు ఆటోకి విడిగా ఒక పేరు దక్కింది. మన రోడ్డుని మనం చూస్తే తప్ప అది డేటా కాదని నాకు అర్థమైంది అప్పుడే.

2023 ఏప్రిల్‌లో మెటా వాళ్లు సెగ్మెంట్ ఎనీథింగ్ విడుదల చేశారు. కోటీ పది లక్షల ఫొటోల్లో 110 కోట్ల ఆకారాలు. అందులో 99 శాతానికి పైగా మనిషి చెయ్యి పడకుండా యంత్రం గీసుకున్నవే. ఆ చుట్టుపక్కలే గ్రౌండింగ్ డైనో వచ్చింది. "లారీ" అని ఇంగ్లీషులో మాట రాసిస్తే ఫొటోలో లారీ ఎక్కడుందో అదే పెట్టె గీస్తుంది. ఈ రెంటినీ కలిపి ఒక శనాదివారాల్లో స్క్రిప్టు రాసేశాను. సోమవారం పొద్దున పన్నెండు మంది వారం రోజుల పని పూర్తయి ఉంది. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకు, నాకూ గర్వంగానే ఉంది.

రెండు నెలల్లో పన్నెండు మంది ముగ్గురయ్యారు. ఆ ముగ్గురి పని ఇప్పుడు గీయడం కాదు, సరిచూడటం. యంత్రం గీసిన పెట్టె సరిగ్గా ఉంటే వై నొక్కాలి, తప్పయితే ఎన్. గీయడం కన్నా సరిచూడటం తేలిక కాబట్టి ఫొటో రేటు కూడా తగ్గింది. ఆ తగ్గించాల్సిన లెక్క వేసిచ్చింది నేనే.

మోడల్ స్కోరు పెరుగుతూ పోయింది. ఒకరోజు ఆ గది నడిపే ఆయన ఫోన్ చేసి, "మా అక్క ఒకామె మీతోని మాట్లాడాలంటుంది సార్" అని ఫోన్ ఇచ్చాడు. ఆమె ఒక ఫొటో నంబరు చెప్పింది. తెరిచాను. రాత్రి, పల్లె రోడ్డు, దూరంగా ఒక బైకు. బైకు చుట్టూ పెట్టె చక్కగా ఉంది.

"బాగానే ఉందిగా అక్కా?"

"బండి బాగనే ఉంది సార్. ఎడమ దిక్కు సూడండి. అది రోడ్డు కాదు, వడ్లు. పైన పట్టా కప్పిండ్రు. సుట్టూ రాళ్లు పెట్టిండ్రు. మేం గీసినప్పుడు అడ్డంకి అని గీసేటోళ్లం. ఇప్పుడు దాని మీద పెట్టెనే లేదు. పెట్టె లేకుంటె నేను ఎన్ దేని మీద నొక్కాలె?"

నేను మాట్లాడలేదు. నేను కట్టిన ఆ తెర మీద ఉన్న పెట్టెల గురించి చెప్పడానికి బటన్లున్నాయి. లేని పెట్టె గురించి చెప్పడానికి ఏమీ లేదు.

కోతల కాలంలో మన దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. రాత్రికి కుప్ప చేసి నల్ల పట్టా కప్పుతారు. చీకట్లో వాటికి గుద్దుకుని బైకుల వాళ్లు చనిపోయిన వార్తలు ప్రతి ఏడూ చదువుతూనే ఉంటాం. మా కెమెరా కూత పెట్టాల్సిందే అక్కడ. నా స్క్రిప్టు అడ్డంకి అంటే బారికేడ్లనే వెతికింది.

అంతకన్నా భయపెట్టింది ఇంకొకటి. కొత్త ఫొటోలతో పరీక్ష పేపరు కూడా నేను ఆ స్క్రిప్టుతోనే తయారుచేశాను. పాఠం చెప్పిందీ, పేపరు దిద్దిందీ ఒకరే. కుప్పని ఇద్దరూ చూడలేదు కాబట్టి చూడకపోవడానికి నూటికి నూరు మార్కులు పడ్డాయి. పరీక్ష ఫొటోలన్నీ మళ్లీ చేత్తో గీయించాం. మొత్తం స్కోరు పెద్దగా కదల్లేదు, వేల వాహనాల మధ్య కుప్పలెన్ని ఉంటాయి గనక! రాత్రి పల్లె రోడ్ల ఫొటోలు విడిగా తీసి లెక్కేస్తే తెలిసింది, సగానికి పైగా కుప్పల్ని అది దాటుకుని వెళ్లిపోతోంది.

ఆ వారం నేనూ కూర్చుని కొన్ని ఫొటోలు సరిచూశాను. ముందే గీసి ఉన్న పెట్టె కనబడితే కన్ను దాని లోపలికే పోతుంది. బయట ఏముందో వెతకదు. ఈ అలవాటు నాకు కొత్తది కాదు. పుస్తకాల మీద రాసేటప్పుడు ముందుమాట ముందు చదివితే నాకు జరిగేది ఇదే. "ఇవి ప్రాంతీయ జీవితానికి అద్దం పట్టే కథలు" అని పెద్దాయనెవరో పెట్టె గీసి ఉంచుతారు. నేను ఒక్కో కథకీ వై నొక్కుకుంటూ పోతాను. అలా రాసిన సమీక్షలు నావి రెండు మూడు ఉన్నాయి. ఇప్పుడు చదువుకుంటే అందులో పుస్తకం లేదు, ముందుమాటే ఉంది. ఈమధ్య ముందుమాటలు చివర చదువుతున్నాను.

స్క్రిప్టుని తీసెయ్యలేదు. అది బాగా చేసే పని చాలా ఉంది, కార్ల చుట్టూ పెట్టెలు గీసి ఎవరి చెయ్యీ నొప్పి పుట్టక్కర్లేదు. తెర మీద "మిగిలిపోయింది" అని ఒక బటన్ పెట్టాం. ప్రతి ఇరవై ఫొటోల్లో ఒకటి ఏ పెట్టే లేకుండా ఖాళీగా పంపుతాం, దానికి పాత రేటే. పరీక్ష పేపరు ఎప్పుడూ మనిషే గీయాలని రాసిపెట్టుకున్నాం. మళ్లీ పన్నెండు మందిని తీసుకుందామని అడిగాను, ఒప్పుకోలేదు. నేనూ గట్టిగా అడగలేదు. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు బట్టల షాపులో చేరారని అక్కే చెప్పింది.

పోయినసారి కాల్ అయిపోతుంటే ఆమె అంది, "కార్తీకంల మళ్ల వస్తయి సార్ కుప్పలు. అప్పుడు రాత్రి ఫొటోలు ఎక్కువ తీయించండి. పట్టా నల్లదే కాదు, నీలందీ ఉంటది." నవంబరులో బండి పంపించాం. నీలం పట్టాలు నిజంగానే చాలా ఉన్నాయి.