పైనుంచి వచ్చింది

అక్టోబర్ 2కీ చెత్తకీ మన రాష్ట్రంలో ఏదో బంధం ఉన్నట్టుంది. 2021లో ఆ రోజే అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి విజయవాడలో జెండా ఊపి క్లీన్ ఆంధ్రప్రదేశ్, అదే ‘క్లాప్’ పథకం చెత్త బండ్లను రోడ్డెక్కించారు. పట్టణాల్లో ఇంటింటి చెత్తకు నెలనెలా డబ్బు కట్టడం ఆ పథకంతోనే మొదలైంది. సరిగ్గా మూడేళ్లకు, 2024 అక్టోబర్ 2న, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మచిలీపట్నంలో చెత్త పన్ను రద్దు చేస్తున్నామని ప్రకటించారు. తర్వాత చట్టాన్నీ సవరించారు. వచ్చిందీ గాంధీ జయంతికే, పోయిందీ గాంధీ జయంతికే.

ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్న పార్టీల గొడవ ఇక్కడ పెట్టను. అది మన క్యాంటీన్లో రోజూ నడుస్తూనే ఉంది. ఆ మూడేళ్లలో మా ఇంటి గుమ్మం దగ్గర పదే పదే విన్న ఒక మాట గురించి మాత్రం రాయాలనిపించింది. ఆ మాట: “పైనుంచి వచ్చింది.”

మాది కోస్తాలో ఓ చిన్న మున్సిపాలిటీ. ఇంటి ముందు గదిలో మా అమ్మ టిఫిన్ కొట్టు నడుపుతుంది. పొద్దున ఇడ్లీ, పెసరట్టు, సాయంత్రం బజ్జీ. రుసుము మొదలైన కొత్తలో మాకు రెండు పద్దులు రాశారు, ఇంటికొకటి, కొట్టుకొకటి. పెద్ద నగరాల్లో మామూలు ఇంటికి నెలకు 120 రూపాయలు, మురికివాడల్లో 60 అని పెట్టారు. మాలాంటి ఊళ్లలో ఇళ్లకు కాస్త తక్కువే గానీ, దుకాణాల రేటు వేరు.

వసూలుకి వచ్చేది వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీగా పనిచేసే అన్న. డిగ్రీ చదివి, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాడు. అమ్మ అడిగేది: “ఒకే గుమ్మం, ఒకే డబ్బా. రెండు డబ్బులేంటి బాబూ?”

“పైనుంచి వచ్చింది అక్కా. ఫోన్లో రెండు పేర్లున్నాయి. నేను తీసెయ్యలేను.”

ఆయన్ని ఏమీ అనలేం. ఈ వారం ఎన్ని ఇళ్లు కట్టాయని ఆయన్ని అడిగేవాళ్లు ఇంకో పైన ఉన్నారు.

అయితే అమ్మ అసలు బాధ రెండు పద్దులు కాదు, బండి వచ్చే టైము. మా వీధికి బండి ఏడింటికల్లా వచ్చి వెళ్లిపోయేది. కొట్టులో బేరం మొదలయ్యేది అప్పుడే. విస్తరాకులు, చట్నీ గిన్నెల అడుగులు, కూరగాయల తొక్కలు, అంతా పది తర్వాత పోగయ్యేది. మర్నాడు పొద్దున్న దాకా ఆ డబ్బా గుమ్మం పక్కనే ఉండేది. కుక్కలు, ఈగలు, వాసన. “ఇంకో ఇరవై ఎక్కువ తీసుకో బాబూ, బండిని పదకొండింటికి రమ్మను” అనేది. దానికీ అదే జవాబు. రూటు కూడా పైనుంచే వచ్చిందట.

ఈ ‘పైన’ ఎక్కడుందో చూద్దామని నేను కాస్త చదివాను. చదివేకొద్దీ అది ఇంకా పైకి పోయింది.

రాజ్యాంగం ప్రకారం చూస్తే అది అసలు మా ఊళ్లోనే ఉండాలి. 1992 నాటి 74వ సవరణ 12వ షెడ్యూలును చేర్చింది. మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 అంశాలు అందులో ఉన్నాయి. పారిశుద్ధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ వాటిలో ఒకటి. 2016లో కేంద్రం తెచ్చిన వ్యర్థాల నిబంధనలు కూడా, చెత్త చేసే ప్రతివారూ రుసుము కట్టాలంటూనే, ఆ రుసుము స్థానిక సంస్థ ఉపవిధుల్లో ఉండాలన్నాయి. అంటే మనూరి కౌన్సిల్ మనూరి లెక్క చూసుకుని తేల్చాల్సిన సంగతి. జరిగింది ఏంటంటే, రాష్ట్రమంతటికీ పథకం ఒకటి తయారైంది, కౌన్సిళ్లు తీర్మానాలు చేశాయి. వార్డు కమిటీలో అడుగుదామంటే, 243ఎస్ అధికరణం ఆ కమిటీలు తప్పనిసరి అన్నది మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్లకే. మాది అంత ఊరు కాదు.

రాష్ట్రం పైన ఇంకో పైన కూడా ఉంది. 2020 మేలో, కరోనా కాలంలో, రాష్ట్రాలు తమ స్థూల ఉత్పత్తిలో 2 శాతం దాకా అదనంగా అప్పు తెచ్చుకోవచ్చని కేంద్రం అంది. అందులో కొంత భాగానికి షరతులు పెట్టింది. పట్టణ సంస్కరణలు చేస్తే 0.25 శాతం. ఆస్తి పన్నుకి, నీళ్లు, డ్రైనేజీ చార్జీలకి కనీస రేట్లు ఖరారు చేయాలి. చెత్త ఆ షరతుల్లో లేదు గానీ దారి అదే. ఆ షరతులు ముందుగా పూర్తిచేసిన రాష్ట్రాల్లో మనదొకటి. మనకు 2,525 కోట్ల అదనపు అప్పుకి అనుమతి వచ్చింది. 2020 నవంబర్లో జీవో 198తో ఆస్తి పన్ను అద్దె విలువ నుంచి మూలధన విలువకు మారింది. అప్పటికి మున్సిపాలిటీల్లో ఎన్నికైన కౌన్సిళ్లే లేవు. ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఢిల్లీలో రాసిన ఒక షరతు మా వీధి దాకా వచ్చేటప్పటికి, మధ్యలో ఎవర్ని అడగాలో అమ్మలాంటివాళ్లకి తెలిసే దారి లేదు.

2023 డిసెంబర్ 26న రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగారు. రెండు వారాలకు పైగా సాగింది. మా పెరట్లో ఆకుల మూటలు గుట్టలా పేరుకున్నాయి, వాసనకి బేరం సగం పడిపోయింది. అమ్మ ఒక్కసారి కూడా కార్మికుల్ని తిట్టలేదు. “వాళ్లు రాకపోతే మన బతుకెంతో ఇప్పుడు తెలిసింది” అంది. చెత్త ఎత్తడం ఊరికే అయ్యే పని కాదని, దానికి డబ్బు కావాలని మా ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది ఆవిడకే.

రుసుము రద్దయినప్పుడు అమ్మ సంతోషించింది. నేనూ సంతోషించాను. నెలకి రెండు పద్దులు తప్పాయి, చిన్న కొట్టుకి అది చిన్న సంగతి కాదు. కానీ బండికి డీజిల్ కావాలి, తోలేవాళ్లకి జీతం కావాలి. అది ఇప్పుడు ఏ పద్దులోంచి వస్తోందో మా వీధిలో ఎవరికీ తెలీదు. ఇంకో సంగతి కూడా జరిగింది. జనం నోట పన్ను అయినా, అది నిజానికి వినియోగ రుసుము. పన్ను దేనికైనా వాడొచ్చు. రుసుము మాత్రం ఫలానా పనికని తీసుకునేది. అందుకే అమ్మ “నెలనెలా కడుతున్నాం కదా, పదకొండింటికి రమ్మంటే తప్పేంటి?” అని నిలదీయగలిగేది. ఇప్పుడు ఆ మాట అనే వీలు పోయింది. బండి మాత్రం ఇప్పటికీ ఏడింటికే వస్తోంది.

మన హాస్టల్ మెస్ బిల్లు చూడండి. బియ్యం ఎంత, గ్యాస్ ఎంత, వంటవాళ్ల జీతం ఎంత అని నెలాఖరుకి నోటీసు బోర్డు మీద అంటిస్తారు. గుడ్డు రేటు దగ్గర మనం కొట్టుకుంటాం, కమిటీ వాళ్లని ఏడిపిస్తాం, చివరికి కడతాం. ఎంత కడుతున్నామో, ఎందుకో తెలుసు గనక కడతాం. మెనూ మారాలంటే ఎవరి గది తలుపు కొట్టాలో కూడా తెలుసు. ఒక వార్డు చెత్త లెక్క మెస్ లెక్క కంటే కష్టమైనదేమీ కాదు. ఇన్ని ఇళ్లు, ఇన్ని కొట్లు, ఒక బండి, ఇంత డీజిల్, ఇంతమంది మనుషులు. సచివాలయం గోడ మీద ఒక్క కాగితం చాలు.

2021లో నాకు ఓటు వయసు రాలేదు. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో నాకు ఓటుంది, మీలో చాలామందికీ ఉంటుంది. ఏం తీసేస్తామో, ఏం ఉచితంగా ఇస్తామో చెప్పడానికి అన్ని పార్టీలవాళ్లూ ఇంటికొస్తారు. మా గుమ్మానికి వచ్చిన ప్రతివారినీ నేను అడగబోయేది ఒక్కటే: మా వీధికి బండి ఎన్నింటికి రావాలో తేల్చేది ఎవరు? ఈసారి “పైనుంచి వచ్చింది” అంటే ఊరుకోను. ఆ తేల్చేవాళ్లు మా ఊళ్లో ఎక్కడ కూర్చుంటారో అడ్రస్ చెప్పి కదలమంటాను.