అవ్వ ఇత్తడి మురుగులు

ఈ మధ్య మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీతో చెప్పాలి. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

పుత్తూరు దగ్గర మా సంఘంలో ఒక అవ్వ ఉంది. మనవరాలి పెండ్లి దగ్గరపడింది. ఉన్న కాస్త బంగారం కుదువలో ఉంది. అవ్వ వాళ్లమ్మ వేసుకున్న ఇత్తడి మురుగులు మాత్రం పెట్టెలో మిగిలాయి. నల్లబడి, సందుల్లో పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. "మేం శుభ్రం చేసిస్తాంలే అవ్వా" అని మేమే అడిగి తెచ్చుకున్నాం.

నిమ్మరసంలో ఉప్పు కలిపి, మురుగులు అందులో వేసి పడుకున్నాం. తోమే పని తప్పుతుందని మా ఆశ. తెల్లారి చూస్తే చిలుము పోయింది, దాంతోపాటు పసుపు రంగూ పోయింది. అక్కడక్కడ గులాబి రంగు తేలింది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపులో ఎక్కువసేపు నానితే జింకు కరిగిపోయి పైన రాగి మిగులుతుంది.

అప్పుడు మేమిద్దరం ఏం ఆలోచించామో తెలుసా? "పాతవి కదా అవ్వా, ముందునుంచీ అట్లే ఉన్నాయేమో" అని చెబుదామనుకున్నాం. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆదివారం సత్యం గురించి చెప్పే నోరు ఇది! ఆ పూట అన్నం సయించలేదు. సాయంత్రం పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాం.

అవ్వ మురుగులు వెలుతురులో తిప్పి చూసింది. "చింతపండు ఇంట్లో పెట్టుకొని నిమ్మకాయలు దేనికి నాయనా?" అని నవ్వింది. చింతపండు నానబెట్టి, గుజ్జులో చిటికెడు ఉప్పు కలిపి, కొబ్బరి పీచుతో మెల్లగా రుద్దింది. నాలుగైదు నిమిషాలే. వెంటనే మంచినీళ్లతో కడిగి, బట్టతో తడి లేకుండా తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె పూసింది. గులాబి రంగు చాలావరకు పోయింది. ఒక మచ్చ మాత్రం ఉండిపోయింది. "ఉండనీలే, మీరు నిజం చెప్పిన గుర్తు" అనింది.

మీరూ ఇట్లే చేసుకోవచ్చు. రాళ్లు పొదిగినవి, బంగారు పూత పూసినవి మాత్రం పులుపులో వేయకండి. తడిబట్టతో తుడిస్తే చాలు.

ప్రియులారా, నిర్గమకాండము 38వ అధ్యాయంలో ఇత్తడి గంగాళం గురించి చదువుతాం. స్త్రీలు ఇచ్చిన అద్దాలతో దాన్ని చేశారు. ఆ కాలపు అద్దాలు మెరుగుపెట్టిన లోహమే. ముఖం చూసుకునే వస్తువు, యాజకులు కాళ్లు చేతులు కడుక్కునే పాత్ర అయింది. మాకూ ఆ మురుగుల్లో మా ముఖం కనబడింది. చూసుకోవడంతో సరిపోదు, కడుక్కోవాలి కూడా.

పెండ్లిలో ఆ పిల్ల చేతులకు అవే మురుగులు. ఆ మచ్చ ఎవరూ చూడలేదు, మేం తప్ప.

ప్రభువా, తప్పు చేసిన రోజున దాన్ని ఒప్పుకునే ధైర్యం మాకు దయచేయుము. ఆమేన్.