లెక్కలోకి రాని అక్షరాలు

మామూలుగా రాసిన వెబ్ చిరునామా నొక్కగానే తెరుచుకోవాలంటే, అది చిరునామా అని ముందు కంప్యూటరు గుర్తుపట్టాలి. అందుకు మనం రాసిచ్చే నమూనానే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు.

మన రచయిత్రుల గురించి నేను తయారుచేస్తున్న జాబితాను, అందరూ వాడే అలాంటి నమూనా ఒకదానికి అప్పగించాను. ఇంగ్లీషు చిరునామాలన్నీ చక్కగా లింకులయ్యాయి. తెలుగు అక్షరాల్లో ఉన్న భండారు అచ్చమాంబ వికీపీడియా చిరునామా మాత్రం ‘భ’ తర్వాత సున్న దగ్గరే తెగిపోయింది.

కారణం చిన్నదే. పైథాన్ భాషలో ‘పదంలోని అక్షరం’ అనే గుర్తు మన సున్ననీ, గుణింతపు గుర్తుల్నీ, పొల్లునీ లెక్కలోకి తీసుకోదు. దాని దృష్టిలో ‘స్త్రీ’ ఒక పదం కాదు. విడివిడిగా స, త, ర.

అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే అచ్చయింది. అయినా 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’నే చాలాకాలం తొలి తెలుగు కథగా లెక్కించారు. ఎవరినీ పనిగట్టుకుని తీసెయ్యనక్కర్లేదు. ఎవరు లెక్కలోకి వస్తారో ముందే రాసిపెట్టుకుంటే చాలు, మిగిలినవాళ్లు వాళ్లంతట వాళ్లే జారిపోతారు.

కంప్యూటరు విషయంలో పరిష్కారం తేలికే. ఏ అక్షరాలు రావచ్చో జాబితా కట్టకుండా, ఖాళీ వచ్చేదాకా ఏ అక్షరాన్నయినా రానివ్వాలి; చివర అంటుకున్న కామానీ, వాక్యపు చుక్కనీ వదిలెయ్యాలి. స్త్రీల రచనలను కంప్యూటర్లలో భద్రపరుస్తున్న మనం, తెలుగు పేరున్న ఒక్క లింకునైనా నొక్కి చూసుకోవడం మంచిది.