రెండు ఊళ్ళ కాపురం

బెజవాడ గవర్నరుపేటలో మాకొక పాత డాబా యిల్లు వుంది. మా అబ్బాయి కాపురం హైదరాబాదులో. "అమ్మా నాన్నా యిద్దరూ యిక్కడికి వచ్చెయ్యండి. ఆ యిల్లు అమ్మేద్దాం" అని వాడి పోరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగరు మునిగినప్పుడు అక్కడున్న మా చెల్లెలు రెండు రోజులు పక్కవాళ్ళ మేడమీద తలదాచుకుంది. అప్పటినుంచీ వాడి పోరు మరీ యెక్కువైంది. సరే, ఒక వేసవి వుండి చూద్దామని ఆవకాయ జాడీతో సహా బయలుదేరాం.

1956 నవంబరు 1న కలిసిన రెండు ప్రాంతాలు 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాయి. దూరం మాత్రం పెరగలేదు. అదే 270 కిలోమీటర్లు. బెజవాడలో కాఫీ తాగి బయలుదేరితే హైదరాబాదులో మధ్యాహ్న భోజనానికి అందుకోవచ్చు.

ముందుగా గాలి సంగతి. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన వుంది. పగలు యెంత కాసినా పొద్దుగూకేసరికి చల్లబడుతుంది. మా వూళ్ళో రాత్రి పదింటికి కూడా గోడ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. పైగా వుక్క! బెజవాడను 'బ్లేజువాడ' అన్నవారు వూరికే అనలేదు.

"నీళ్ళు మన వూరి నీళ్ళలాగే వున్నాయండీ!" అంది మా ఆవిడ. ఉండవూ మరి! 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరం పెరిగి అవి చాలక, నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీటిని వంద కిలోమీటర్లకు పైగా గొట్టాలలో తెస్తున్నారు. ఆ కృష్ణమ్మే మా వూళ్ళో 1957నాటి ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగి, కాలువలకెక్కి డెల్టా పొలాలు తడుపుతుంది.

వరదల విషయంలో యే వూరూ గొప్పలు చెప్పుకోనక్కరలేదు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులోనూ వీధులు యేళ్ళయ్యాయి. వైద్యానికి మాత్రం హైదరాబాదుదే పైచెయ్యి. మంగళగిరి ఎయిమ్స్ 2019 నుంచి రోగులను చూస్తున్నా, పెద్ద జబ్బు అనగానే మావాళ్ళ చూపు యింకా పడమటికే. ఒకరాత్రి నాకు గుండెదడ వచ్చింది. అబ్బాయి అరగంటలో ఆస్పత్రిలో చేర్చాడు. అదే బెజవాడలో అయితే మా ఆవిడ ఒక్కతే యేం చేసేదో!

ఇక మనుషులు. తొమ్మిదో అంతస్తులో నెలరోజులు యెవరి పేరూ తెలియలేదు. ఒకనాడు యెదురింటి కరీంనగరం ఆవిడ సర్వపిండి తెచ్చి యిచ్చింది. మా ఆవిడ గిన్నెనిండా ఆవకాయ పెట్టి పంపింది. సాయంత్రానికి వదినలైపోయారు. మేము బయలుదేరేనాడు ఆవిడ, "గప్పుడే పోతరా వదినా? ఇంకో నాలుగు దినాలుండున్రి" అంటూ కళ్ళు తుడుచుకుంది.

బ్యారేజీ దాకా నడిచే పొద్దుటి షికారు, వీధిలో ముప్పయ్యేళ్ళుగా పలకరించే ముఖాలు - వీటికి వెలకట్టి యిల్లు అమ్మడం మాకు చేతకాలేదు. అలాగని ఆ రాత్రినీ మరిచిపోలేదు.

"వేసవి నాలుగు నెలలూ కొడుకు దగ్గర, కాలువలకు నీళ్ళు వదలగానే మన యింట్లో" అని మా ఆవిడ తీర్పు చెప్పింది. "రాష్ట్రాన్నే రెండుగా పంచుకున్నారు, మనం యేడాదిని పంచుకోలేమా?"

అబ్బాయి నవ్వేశాడు. ఇల్లు అమ్మకం మాట మళ్ళీ యెత్తలేదు.