పూండిలో మట్టల వారం

మట్టలాదివారానికి పూండిలో మట్టల కోసం తిరగక్కర్లేదు. మిగతా ఊళ్లలో ఈతమట్టలు ఏరుకొస్తారు. ఇక్కడ కత్తి పట్టుకుని పెరట్లోకి వెళితే చాలు, కొబ్బరి మట్ట. అయినా మా చిన్నమ్మ ఒక్కో గుంటకి ఒక్కో చీలికే ఇచ్చింది. "మొవ్వు జోలికి ఎల్లకండిరా, ఈ సెట్లు మళ్లీ లేపడానికి మా నడుములు ఇరిగినాయి" అని కేకేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ కూకటివేళ్లతో పెకిలించింది. ఆ తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే మనిషి చేతికి అందనంత ఎత్తు లేచాయి. పిల్లలకి ఇదంతా పట్టలేదు. చర్చి మెట్ల దగ్గర మట్టలతో వీపుల మీద బాదుకుంటుంటే సంఘపెద్ద వచ్చి విడదీశాడు.

హౌరా–చెన్నై రైలు మార్గంలో పలాస తర్వాత వచ్చే చిన్న స్టేషను పూండి. వజ్రపుకొత్తూరు మండలం. విశాఖ–పలాస ప్యాసింజరు దిగి నాలుగడుగులు వేస్తే టీ, పకోడీ, ఊరి కబుర్లు అన్నీ ఒక్క చోటే దొరుకుతాయి. ఈస్టరు వారమంతా ఇక్కడే ఉందామని వచ్చాను. జీడి పిక్కలు రాలే కాలంలో దేవుడికి ఊరు ఎంత సమయం ఇవ్వగలదో చూడాలని ఉండేది.

బాగానే ఇస్తుంది, కాకపోతే పిక్కలు ఏరాక. తెల్లారకముందే తోటలోకి వెళ్లి, రాలిన పండు నుంచి పిక్క మెలిపెట్టి తీసి, గోనెసంచిలో వేస్తారు. పండు చాలావరకు అక్కడే ఇసుకలో కుళ్లిపోతుంది. ఉప్పు అద్దుకుని ఒకటి రెండు తినొచ్చు, మూడోదానికి గొంతు పట్టేస్తుంది. పిక్కల ధర చెప్పేది 80 కిలోల బస్తా లెక్కన. పలాస–కాశీబుగ్గ ఫ్యాక్టరీలు ఆఫ్రికా పిక్కలు కూడా దిగుమతి చేసుకుంటాయి కాబట్టి మా బస్తాకి రేటు లేదని రైతుల గొడవ. మద్దతు ధర కోసం ఎప్పటినుంచో అడుగుతూనే ఉన్నారు. ఈ మాట నాకు మొదట చెప్పింది రైతు సంఘం నాయకుడు కాడు, స్త్రీల కూడికకి చాపలు పరుస్తున్న ఒకావిడ.

ఆ కూడిక మంగళవారం సాయంత్రం, చిన్నమ్మ ఇంటి అరుగు మీద. వచ్చినవాళ్లలో సగంమంది జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లేవాళ్లే. పగలంతా వంగి కూర్చున్న నడుముల్ని గోడకి ఆనించి పాట అందుకున్నారు. పురుషోత్తమ చౌదరి కీర్తన. ఆయన 1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టిన బెంగాలీ కుటుంబీకుడు. తెలుగు క్రైస్తవులు ఎక్కడున్నా ఆయన పాటలు పాడతారు గానీ, ఆయన పుట్టిన నేల టెక్కలి దాటితే వచ్చేస్తుందని ఇక్కడివాళ్లకో చిన్న గర్వం. తర్వాత ప్రార్థన మనవులు: ఒకరి మనవరాలి పరీక్షలు, ఒకరి భర్త డయాలసిస్, ఒకరి తప్పిపోయిన మేక. మూడింటికీ ఒకే శ్రద్ధ. చివర్లో ప్రతి ఇల్లాలూ వంట ముందు పక్కకి తీసిన గుప్పెడు బియ్యం ఒకే డబ్బాలో పోశారు. ఆ బియ్యం అమ్మిన డబ్బు ఎవరింటికి వెళ్లాలన్న చర్చ ప్రార్థన కన్నా ఎక్కువసేపు సాగింది. ఆ రాత్రి పచ్చి జీడిపప్పు కూర. పిక్క పాలకి చేతులు పొక్కకుండా బూడిద రాసుకుని కోసే ఓపిక ఉన్న ఇంట్లోనే దొరికే వైభోగం అది.

శుక్రవారం ఏడు మాటల ఆరాధన. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలకి ఏడుగురు ప్రసంగీకులు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా. ఫ్యాను ఉన్న వరసలో చోటు కోసం పదకొండింటికే తువ్వాళ్లు పరిచేశారు. నాలుగో మాట వచ్చేసరికి ముసలాళ్లు జోగుతున్నారు. అయిదోది దాహం మాట, ఒక బడిపంతులు లేచాడు. ఎక్కడో పాలస్తీనా దాకా వెళ్లలేదాయన. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు గురించి మాట్లాడాడు. నీళ్లేనా, ఎండేనా, మందులేనా, కారణమిదీ అని తేలకుండానే ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో చెప్పాడు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం జలాశయం నుంచి నీళ్లు పైపుల్లో తెచ్చే పథకమూ అప్పుడే. "అన్నీ వొచ్చినాయి, మంచిదే. మరి మీ ఇంట్లో చంటోడికి ఏ నీళ్లు పోత్తన్నారు?" అని అడిగాడు. "క్యాను నీళ్లు" అని వెనక నుంచి ఎవరో పైకే అన్నారు. ఎవరూ నవ్వలేదు. వేదాంతం చదివినవాళ్లు చెప్పిన మిగతా ఆరింటిలో నాకు గుర్తున్నది తక్కువ.

శనివారం సమాధులకి సున్నం, కాశీబుగ్గలో కొత్త బట్టలు, ఎవరో తెచ్చిన మందస కోవా. ఆదివారం చీకటుండగానే శ్మశానంలో కొవ్వొత్తులు. ఇసుక నేల, చుట్టూ జీడిచెట్లు. సూర్యుడు పైకొచ్చేసరికి పాటల్ని మించిపోయాయి పలకరింపులు. "ఏటి బావూ, ఎప్పుడొచ్చినావు, సిక్కిపోనావు" అంటూ ఎవరి ఇంటికి భోజనానికి రావాలో నా తరఫున వాళ్లే తేల్చేసుకున్నారు.

ఆరాధన తర్వాత ప్రథమ ఫలాల వేలం. గుడ్లు, కొబ్బరికాయలు, ఒక కోడిపుంజు, పిక్కల మూట. అన్నిటికన్నా హుషారు లేత పనసకాయ దగ్గర. కుర్రాళ్లు పంతానికి పోయి పాడారు. గెలిచినవాడు డబ్బు కట్టేసి కాయని మళ్లీ దేవుడికే ఇచ్చేశాడు. మళ్లీ వేలం. రెండోవాడూ అంతే చేశాడు. మూడోసారి ఎవరూ నోరెత్తకపోతే, పాపం కాయ అనాథైపోతుందని నేను పాడాను. వెంటనే కొట్టేశారు.

ఇంటికి తెస్తే చిన్నమ్మ కాయని అటూ ఇటూ తిప్పి చూసింది. కత్తిపీటా నూనె గిన్నా నా ముందుకు జరిపింది.

"కొన్నోడే కొయ్యాల. జిగురు సొక్కాకి అంటితే నన్నడక్కు."

చొక్కా విప్పి కూర్చున్నాను.